ఇన్‌ఛార్జి మేనేజరు తరఫున మా నాన్న

మా నాన్నకి బేస్‌బాల్ తెలియదు. ఆ మాటకొస్తే అమెరికా వచ్చి పదమూడేళ్ళయినా నాకూ తెలియదు. కానీ ఒక బేస్‌బాల్ టీముకి కొత్త మేనేజరుగా ఎవర్ని వెయ్యాలన్న విషయంలో మాత్రం మేముండే నోవై ఊళ్ళో తనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఏలూరులో ఒక ప్రభుత్వ శాఖ జిల్లా ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాడు. అందులో ఎక్కువ కాలం చూసింది సిబ్బంది వ్యవహారాలే. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరికి ప్రమోషన్ రావాలి, ఎవరి మీద విచారణ నడుస్తోంది, అన్నీ ఆయన నాలుక చివర ఉండేవి. నా పుట్టినరోజు మర్చిపోయిన సందర్భాలున్నాయి గానీ, జూనియర్ అసిస్టెంట్లు సర్వీసులో చేరిన తేదీలు మర్చిపోయిన సందర్భం లేదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నేను అయిదో తరగతి నుంచి ఎనిమిదో తరగతికి వచ్చేదాకా ఆ ఆఫీసుకి ఆఫీసరు లేడు. సూపరింటెండెంటుగా ఉన్న నాన్నే మూడేళ్ళు ఇన్‌ఛార్జిగా నడిపాడు. ఉద్యోగం ఆఫీసరుది, హోదా సూపరింటెండెంటుది. ఇవాళో రేపో ఖాయం చేస్తారని అందరూ అన్నారు, ఆయన కూడా అనుకున్నాడు. చివరికి పైనుంచి ఒక కుర్ర ఆఫీసరు దిగాడు, పరీక్ష రాసి నేరుగా ఆ కుర్చీలోకి వచ్చినవాడు. నాన్న పక్కగదిలో తన పాత సీటుకి వెళ్ళిపోయి, పదిహేనేళ్ళ తర్వాత అదే సీటులో రిటైరయ్యాడు. మా ఇంట్లో ఈ విషయం ఎవరూ ఎత్తరు. ఎత్తకూడదని ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు, అంతే.

రెండువేల పది దాటిన కొత్తల్లో అమ్మా నాన్నా ఆరు నెలలు ఉండటానికి మా దగ్గరికి వచ్చారు. అమ్మ వచ్చిన మూడోరోజుకే నా వంటింటిని తన అధీనంలోకి తీసుకుంది. నాన్నకి అధీనంలోకి తీసుకోవడానికి ఏమీ దొరకలేదు. సెప్టెంబరులోనే మంకీ కాప్, స్వెట్టరు వేసుకుని కిటికీ దగ్గర నిలబడి, వీధిలో మనుషులు లేరని రోజుకి నాలుగుసార్లు నాకు రిపోర్టు చేసేవాడు. టికెట్టు ముందుకు జరిపించు, వెళ్ళిపోతానని కూడా ఒకట్రెండుసార్లు అన్నాడు.

మాల్ గుర్తుకొచ్చింది నాకు. దుకాణాలు పదింటికి తెరుస్తారు గానీ, తలుపులు మాత్రం పొద్దున్న ఎనిమిదికే తీసేవాళ్ళు, నడిచే పెద్దవాళ్ళ కోసం. మూసి ఉన్న దుకాణాల ముందు నుంచి రిటైరైన జనం చేతులూపుకుంటూ రౌండ్లు కొట్టి, తర్వాత ఫుడ్ కోర్టులో కాఫీ తాగుతూ కూర్చుంటారు. నాకు అప్పుడు సగం రోజులు ఆఫీసుకి వెళ్ళే పని లేదు. లాప్‌టాప్ తీసుకుని నేనూ ఆయనతో వెళ్ళి ఒక మూల బల్ల దగ్గర పని చేసుకునేదాన్ని.

పక్క బల్ల దగ్గర రోజూ ముగ్గురు కూర్చునేవాళ్ళు. ఒకాయన కార్ల ఫ్యాక్టరీలో యూనియన్ మనిషి, బాగా పొడుగు. ఒకావిడ పాతికేళ్ళు స్కూలు బస్సు నడిపింది. మూడో ఆయన ఏం చేసి రిటైరయ్యాడో తెలియదు, రోజూ డోనట్ల పెట్టె తెచ్చేవాడు. ముగ్గురిదీ ఒకటే గొడవ. వాళ్ళ బేస్‌బాల్ టీము ఆ వేసవిలో వరసపెట్టి ఓడిపోయింది. మేనేజరుని, అంటే ఆటగాళ్ళని నడిపే పెద్ద కోచ్‌ని, మధ్యలోనే ఇంటికి పంపేసి, అతని కింద సహాయకుడిగా ఉన్న బెంచ్ కోచ్‌ని మిగిలిన సీజన్‌కి ఇన్‌ఛార్జిగా కూర్చోబెట్టారు. సీజను అయ్యాక ఆ పోస్టు ఎవరికివ్వాలి, ఇదీ గొడవ.

నాన్న మొదటి రెండు రోజులు వాళ్ళవైపు చూడనట్టు నటించాడు. మూడోరోజు పొడుగాయన బల్ల మీద కొట్టి ఏదో అంటుంటే అందులో 'సీనియారిటీ' అన్న మాట వినపడింది. మా నాన్న కాఫీ కప్పు పట్టుకుని లేచాడు. పదిహేను రోజులుగా ఆ ముఖంలో నేను చూడని వెలుగు అది.

"ఎక్స్‌క్యూజ్ మీ సర్. ఇన్‌ఛార్జిగా ఉన్న వ్యక్తి సర్వీసు ఎంత?" అని అడిగాడు, ఇంగ్లీషులోనే. నాన్నది ఫైళ్ళ ఇంగ్లీషు. ప్రతి వాక్యం కింద సంతకం పెట్టి ముద్ర వెయ్యొచ్చు.

పొడుగాయన చెప్పాడు. ఆ మనిషి ఈ టీములోనే పంతొమ్మిదేళ్ళుగా ఉన్నాడు, ముందు దీని కిందే ఉండే చిన్న ఊళ్ళ టీముల్లో కుర్రాళ్ళకి నేర్పాడు, తర్వాత ఇక్కడికొచ్చి ముగ్గురు మేనేజర్ల కింద పనిచేశాడు.

"మరి చర్చ ఎందుకు? అతనికే రావాలి కదా" అన్నాడు నాన్న, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

అంతే, ఆ కుర్చీ ఆయనది అయిపోయింది. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఎందుకంటే ఆయన దీన్ని సీరియస్‌గా తీసుకున్నాడు. ఇంటికొచ్చి మా అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. దానికప్పుడు తొమ్మిదేళ్ళు, స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడేది.

"తాతా, మూడు స్ట్రైక్స్ అయితే అవుట్. ఫోర్ బాల్స్ అయితే ఊరికే నడుస్తాడు" అని అది దాని తెలుగులో చెబుతుంటే, ఆయన నోట్ చేసుకున్నాడు. రూల్సు ఆయనకి సగమే అర్థమయ్యాయి. ఆయనకి కావలసింది రూల్సు కాదు. టీవీలో ఆట వస్తుంటే బంతిని చూసేవాడు కాదు, డగౌట్‌లో ఉన్న ఇన్‌ఛార్జిని చూసేవాడు. ఆటగాళ్ళు కూర్చునే ఆ గాడి లాంటి చోట, యాభై దాటిన మనిషి, పొట్టతో, ఆటగాళ్ళ డ్రెస్సే వేసుకుని వీపు మీద నంబరుతో నిలబడి ఉండటం ఆయన్ని మొదట కలవరపెట్టింది.

"ఆఫీసరుకి అటెండరు డ్రెస్సేమిటమ్మా? మర్యాదగా ప్యాంటూ చొక్కా వేసుకోకూడదా?" అన్నాడు.

"ఇక్కడ అంతే నాన్నా. మేనేజరు కూడా యూనిఫామ్ వేసుకోవాలి."

కాసేపు ఆలోచించి ఆ పద్ధతిలోనూ మంచి ఉందని ఒప్పుకున్నాడు. ఇంకొకటి కనిపెట్టాడు. "చూశావా, అతను మెట్ల దగ్గర ఆ కడ్డీ పట్టుకునే నిలబడుతున్నాడు. అది అసిస్టెంటుగా ఉన్నప్పటి చోటు. మేనేజరు చోట కూర్చోవడం లేదు."

వంటింట్లోంచి అమ్మ గొంతు వినపడింది. "మీ నాన్న కూడా ఆ మూడేళ్ళూ ఆఫీసరు కుర్చీలో కూర్చోలేదు. పక్కన చెక్క కుర్చీ వేసుకున్నారు. ఆ కుర్చీకి దుమ్ము మాత్రం రోజూ తుడిపించారు."

ఇంట్లో ఎవరూ ఎత్తని విషయాన్ని అమ్మ పోపు వేస్తూ ఎత్తేసింది. నాన్న టీవీ శబ్దం పెంచాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఈయన ఫుడ్ కోర్టులో ఎవరి కేసు వాదిస్తున్నాడో. టీవీలో ఆ ఇన్‌ఛార్జికి మేనేజరు పోస్టు రాకపోతే అమెరికాలో ఎవరికీ ఏమీ కాదు, మా ఇంట్లో మాత్రం ఒకరికి అవుతుంది. ఆ రోజు నుంచి నాకూ ఆ టీము గెలవాలని కోరిక పుట్టింది. ఇన్‌ఛార్జి కాలంలో గెలుపులు పడితే రేపు కాదనడం కష్టం. సిగ్గు విడిచి చెబుతున్నాను, మీటింగుల మధ్యలో ఫోన్‌లో స్కోరు చూసేదాన్ని.

టీము కొంచెం గెలిచింది, కొంచెం ఓడింది. సీజను ముగిసింది. ఫుడ్ కోర్టులో అసలు సీజను అప్పుడు మొదలైంది.

పేపర్లలో నాలుగు పేర్లు నలిగాయి. మొదటిది ఒక ముసలి సింహం. ఎప్పుడో ఛాంపియన్‌షిప్ గెలిపించి, రిటైరై, మళ్ళీ వస్తానంటున్నాడు. పొడుగాయనది అతని పార్టీ. రెండోది మొన్నమొన్నటి దాకా ఆడిన ఒక అందగాడు, ఎక్కడా ఎవర్నీ మేనేజ్ చేసినవాడు కాదు. బస్సు నడిపినావిడకి అతనంటే ప్రాణం, అతని నంబరున్న చొక్కా వేసుకునే నడవడానికి వచ్చేది. మూడోవాడు చిన్న ఊళ్ళ టీముల్లో ఏళ్ళ తరబడి మగ్గుతున్నాడు. నాలుగోవాడు మన ఇన్‌ఛార్జి. డోనట్ల పెద్దాయన ఏ రోజు ఎవరు బాగా వాదిస్తే ఆ రోజు వాళ్ళవైపు ఉండేవాడు. అందుకే మిగిలిన ముగ్గురూ ముందు ఆయన్నే పట్టుకునేవాళ్ళు.

నాన్న ఒక ఆదివారమంతా కూర్చుని మా అమ్మాయి స్కేలుతో గీతలు కొట్టి స్టేట్‌మెంటు తయారుచేశాడు. వరస నంబరు, అభ్యర్థి పేరు, పుట్టిన తేదీ, సర్వీసులో చేరిన సంవత్సరం, ప్రస్తుత హోదా, పెండింగ్ ఛార్జీలు, రిమార్కులు. వివరాలన్నీ నా చేత కంప్యూటర్లో వెతికించాడు. మర్నాడు నాలుగు కాపీలు తీయించి ఫుడ్ కోర్టులో పంచాడు.

వాళ్ళు కళ్ళజోళ్ళు పెట్టుకుని చదివారు. ముసలి సింహం పేరు మీద అడ్డంగా గీత ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు పొడుగాయన.

"సూపరాన్యుయేటెడ్. వయసు అరవై ఎనిమిది. యాభై ఎనిమిదికే రిటైర్ కావాలి. జాబితాలో పెట్టడానికి వీల్లేదు" అన్నాడు నాన్న. అప్పటికి నాన్న వయసు అరవై ఎనిమిది.

ఆ బల్ల దగ్గర అందరూ అరవై దాటినవాళ్ళే. నేను లాప్‌టాప్ వెనక దాక్కున్నాను. ఇక్కడ ఉద్యోగానికి వయసు అడ్డు పెడితే కోర్టుకి వెళ్ళొచ్చని పొడుగాయన ఎర్రబడి అరిచాడు. రిటైర్మెంట్ వయసు లేని దేశం ఉంటుందని నాన్నకి ఊహకి అందలేదు. "మరి కింద వాళ్ళు పైకెప్పుడు రావాలి?" అన్నాడు. పొడుగాయన ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళపాటు, ముందు చేరినవాడి హక్కు కోసం జెండా పట్టుకున్న మనిషి. ఆ జాబితా ఇంకోసారి పైనుంచి కిందికి చదివాడు. తర్వాత స్టేట్‌మెంటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాటికి ఇన్‌ఛార్జి పార్టీలోకి వచ్చేశాడు.

అందగాడి పేరెదుట రిమార్కుల్లో 'అనుభవం నిల్. డైరెక్ట్ రిక్రూట్' అని ఉంది. ఆ రెండో మాట నాన్న కలం కొంచెం గట్టిగానే నొక్కి రాసింది. బస్సు నడిపినావిడ అది చూసి, మీరు అతను బ్యాట్ ఊపే ఆ స్వింగ్ ఎప్పుడైనా చూశారా అని అడిగింది. పోస్టు అందానికి ఇవ్వరని నాన్న చెప్పాడు. ఆవిడ రెండు రోజులు ఆయనకి డోనట్ల పెట్టె జరపలేదు. షుగరు ఉన్న మనిషికి అది మంచిదే అయ్యింది.

పొడుగాయన ఒకరోజు స్పోర్ట్స్ రేడియోకి ఫోన్ చేసి స్టేట్‌మెంటు చదివి వినిపించాడు. ఎవరు తయారు చేశారని రేడియోవాడు అడిగితే, ప్రమోషన్లలో నిపుణుడు, ఇండియా నుంచి వచ్చాడు అన్నాడు. ఏ టీముకి పనిచేశాడని అడిగితే గవర్నమెంటుకి అన్నాడు. రేడియోవాడి నవ్వు మా కారు స్పీకర్లలోంచి వినపడింది. నాన్న మాత్రం తృప్తిగా తలూపాడు. విషయం పైకి వెళ్ళిందని ఆయన లెక్క.

అసలు సంగతి ఆ వారంలోనే బయటపడింది. నాన్న స్టేట్‌మెంటు మంచి ప్రతి ఒకటి తీసి, కింద సంతకాలకి నాలుగు గీతలు కొట్టి తెచ్చాడు.

"ఇది ఎవరికి పెట్టాలి?" అని అడిగాడు.

ఎవరికీ కాదు, ఓనరు తనకి నచ్చినవాణ్ణి వేసుకుంటాడని బస్సు నడిపినావిడ నెమ్మదిగా చెప్పింది.

"మిమ్మల్ని అడగరా?"

"మమ్మల్నెందుకు అడుగుతారు?"

"మరి నెల రోజుల నుంచి మనం ఏం చేస్తున్నాం?"

డోనట్ల పెద్దాయన మొదటిసారి సొంతంగా ఒక మాట అన్నాడు. "బేస్‌బాల్ అంటే ఇదే."

మా నాన్న నిజంగానే వాళ్ళని ఒక కమిటీ అనుకున్నాడు. రోజూ ఒకే టైముకి వస్తారు, ఒకే బల్ల, చర్చ పద్ధతిగా సాగుతుంది, అధికారం లేకుండా ఇంత నమ్మకంగా ఎవరు మాట్లాడతారు? ఆయన సర్వీసులో అలాంటివాళ్ళని చూడలేదు. అయినా సంతకాలు పెట్టించాడు. అందరూ పెట్టారు, ఆవిడ కూడా పెట్టి పక్కన 'ఒప్పుకోను' అని రాసింది. అసమ్మతి నోట్ పద్ధతిగా పెట్టిందని నాన్న మెచ్చుకున్నాడు. కవరులో పెట్టి టీము ఆఫీసుకి నేనే పోస్టు చేశాను. జవాబు రాలేదు.

ఎంపిక ప్రకటించే రోజు బుధవారం. ఆ వారం పేరు చెబితే నాకు వేరే ఒకటి గుర్తొస్తుంది. నా చిన్నప్పటి రోజుల్లో అన్నిటికంటే మంచి రోజు ఒక బుధవారమే. ఎనిమిదో తరగతిలో ఉన్నాను. జ్వరమొచ్చినా స్కూలు మాననివ్వని నాన్న, ఆ పొద్దున్న నా పుస్తకాల సంచీ తీసి గోడకి తగిలించి, "పద, బెజవాడ వెళ్దాం" అన్నాడు. అమ్మ, నాన్న, నేను. హోటల్లో పూరీ తిన్నాం, కృష్ణలో పడవెక్కాం. ఒక ఐస్‌క్రీం తింటే ఇంకోటి కొనిచ్చాడు. పడవలో మాటిమాటికీ నా నుదుటి మీద చెయ్యి వేసేవాడు. నాన్న చేతులతో ముద్దు చేసే మనిషి కాదు, అందుకే అది బాగా గుర్తు. అమెరికాలో ఎవరైనా మీ చిన్నతనం ఎలా ఉండేదంటే నేను ఆ పడవే చెబుతాను. మా అమ్మాయికి వందసార్లు చెప్పి ఉంటాను.

సరే, ప్రకటన. పదకొండింటికి ఫుడ్ కోర్టు టీవీలో వచ్చింది. ఆ రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. వేదిక మీద బల్ల, మైకులు, వెనక బొమ్మల తెర. ఓనరు నవ్వుతూ పక్కకి తిరిగి ఒక టోపీ అందించాడు. టోపీ పెట్టుకున్నవాడు అందగాడు.

బస్సు నడిపినావిడ చప్పట్లు కొట్టబోయి, నాన్న ముఖం చూసి ఆగిపోయింది. పొడుగాయన కుర్చీ వెనక్కి నెట్టి ఓనరుని తిట్టడం మొదలుపెట్టాడు. వచ్చే ఏడాది ఒక్క ఆట కూడా చూడనన్నాడు, అది ఆయన ఏటా అనే మాటేనట. నేను నాన్నని చూస్తున్నాను. నాన్న టీవీ మూల చూస్తున్నాడు. అక్కడ, వేదిక చివర, కోటు వేసుకుని ఇన్‌ఛార్జి నిలబడి ఉన్నాడు. పాత పోస్టులోనే కొనసాగుతాడని కింద అక్షరాలు పోతున్నాయి. అతను చప్పట్లు కొడుతున్నాడు. ముందుకొచ్చి కొత్త మేనేజరుకి చెయ్యిచ్చాడు, భుజం తట్టాడు, మైకు అడ్డంగా ఉంటే జరిపి మళ్ళీ తన మూలకి వెళ్ళి నిలబడ్డాడు.

నాన్న లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళి, "కంగ్రాచ్యులేషన్స్ మేడమ్" అని చెప్పి, డోనట్ తీసుకోకుండా బయటికి నడిచాడు.

కారెక్కాం. నేను స్టార్ట్ చెయ్యలేదు. వాళ్ళకి బుద్ధి లేదు నాన్నా అన్నాను.

"అతను చప్పట్లు కొట్టాడమ్మా" అన్నాడు.

"అవును."

"నేను వెళ్ళలేదు. మా కొత్తాయన జాయినయ్యే రోజు. ముందురోజే ఛార్జి కాయితాల మీద సంతకం పెట్టి, తాళాలు అటెండరు చేతికిచ్చి సెలవు పెట్టేశాను. దండ వెయ్యాల్సింది నేను. టైపిస్టు వేశాడట."

సెలవు అనగానే ఆయనవైపు తిరిగాను. నాన్న తన సర్వీసులో పెట్టిన సెలవులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను. "ఏ రోజు నాన్నా అది?"

"బుధవారం. బెజవాడ వెళ్ళాం కదా."

నాకు మొదట కోపమే వచ్చింది. పాతికేళ్ళుగా దాచుకున్న రోజు, నా కూతురికి కథలా చెప్పుకున్న రోజు, నా కోసం పెట్టింది కాదన్నమాట. ఆఫీసులో ఒక కుర్చీ వైపు చూడలేక పారిపోయి వచ్చిన రోజన్నమాట. కోపంగానే అడిగాను, "సెలవు చీటీలో ఏం కారణం రాశావు?"

నాన్న సీటు బెల్టు లాక్కుని పెట్టుకున్నాడు.

"మా అమ్మాయికి జ్వరం అని రాశాను. సర్వీసు మొత్తంలో అబద్ధం రాసింది ఆ ఒక్క కాయితంలోనే. సంతకం పెట్టి ఇచ్చాక భయమేసింది, నిజమవుతుందేమోనని. పడవలో కూడా చూస్తూనే ఉన్నాను, ఒళ్ళు వెచ్చబడుతోందా అని" అన్నాడు.